‘అగ్లీ’, ‘హిడియస్’: రెండు ఇంగ్లీషు విశేషణాల అర్థచరిత్ర – చేర్యాల బొమ్మలు

‘అగ్లీ’, ‘హిడియస్’ అనే రెండు ఇంగ్లీషు విశేషణాలకూ మన అనువాదాలలో తరచుగా ‘వికారమైన’ అనే ఒక్క మాటే కనిపిస్తుంది. ఈ సమీకరణం ఎంతవరకు సమంజసమో చూడవలసి ఉంది.

‘అగ్లీ’ ప్రాచీన నార్సు భాష నుండి 13వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. దాని మూలధాతువుకు భయపడటం అని అర్థం. ‘హిడియస్’ 1300 ప్రాంతంలో ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చింది. దాని మూలంలోనూ భయమే ఉంది. అనగా రెండూ మొదట రూపాన్ని కాక, చూసినవారి గుండెదడను చెప్పిన మాటలు. కాలక్రమంలో ‘అగ్లీ’లోని భయం సడలి, అందం లేదన్న అర్థం మిగిలింది. నేడు పాత గోడనైనా, చెప్పుల జతనైనా ఆ మాటతో వర్ణించవచ్చు. అయితే గుంపు ‘అగ్లీ’గా మారిందన్నప్పుడు, అది దౌర్జన్యానికి దిగబోతున్నదన్న పాత బెదురు మళ్లీ తొంగిచూస్తుంది. ‘హిడియస్’ మాత్రం ఒళ్లు జలదరింపును ఎన్నడూ వదులుకోలేదు.

నాట్యశాస్త్రం భయానకానికి భయాన్నీ, బీభత్సానికి జుగుప్సనూ స్థాయిభావాలుగా చెప్పింది. ‘హిడియస్’ ఈ రెండింటి సరిహద్దున నిలిచే మాట. వికృతమైన వేషాన్ని, ఆకారాన్ని ఆ గ్రంథం హాస్యానికి కారణంగా చూపింది. కాబట్టి ‘హిడియస్’ను ‘వికృతం’ అని అనువదిస్తే భయపడవలసిన చోట నవ్వు వచ్చే ప్రమాదం ఉంది. ఇక తెలుగు వ్యాకరణంలో ‘వికృతి’ అంటే ప్రకృతి నుండి మారిన రూపం మాత్రమే. ‘కన్య’కు ‘కన్నె’ వికృతి. ఆ కన్నెకు అందంలో లోటేమీ లేదు!

ఈ చర్చ కేవలం నిఘంటువుకు పరిమితం కాదు. భారతీయ దేవతామూర్తులను ఐరోపావారు శతాబ్దాల పాటు భూతాలుగా చూసిన తీరును పార్థ మిత్తర్ 1977లో వెలువడిన గ్రంథంలో వివరంగా చర్చించారు. ఉగ్రరూపాన్ని కురూపంగా చదవడమే అక్కడి పొరపాటు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ చిత్రకారులు చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపి ముఖాకృతులు చేస్తారు. ఎర్రని నేపథ్యం గల పటాలపై పురాణగాథలు, కులపురాణాలు చిత్రిస్తారు. పటం ముందు కథ చెప్పే కళాకారునికి రాక్షసుని ముఖం భయం పుట్టించాలి. లేకుంటే కథ నడవదు. ఆ ముఖం కింద ప్రదర్శనశాలలో ‘అగ్లీ’ అని రాస్తే చిత్రకారుని పనితనాన్ని కించపరచినట్లే. ‘హిడియస్’ అంటే భయం దక్కుతుంది గాని, రోత కూడా వెంట వస్తుంది. ‘ఉగ్ర’ శబ్దాన్ని అనువదించకుండా అలాగే ఉంచడం మేలని నా అభిప్రాయం.