మ్యాడ్ మ్యాక్స్ 2
1981 డిసెంబరులో విడుదలైన ఆస్ట్రేలియా చిత్రం. దర్శకుడు జార్జ్ మిల్లర్, నిర్మాత బైరన్ కెనెడీ. 1979 నాటి 'మ్యాడ్ మ్యాక్స్'కు కొనసాగింపు. మొదటి భాగం అమెరికాలో పెద్దగా తెలియకపోవడంతో అక్కడ 1982లో అంకె తీసేసి 'ది రోడ్ వారియర్' పేరుతో విడుదల చేశారు.

నాగరికత కూలిపోయాక పెట్రోలే ప్రాణమైన ఎడారి ఇందులోని లోకం. ఒకప్పటి పోలీసు మ్యాక్స్ (మెల్ గిబ్సన్) పడిపోయిన బండి కింద కారుతున్న పెట్రోలును గుడ్డతో అద్ది పిండుకుంటాడు; డబ్బాలోని కుక్కల తిండి తింటాడు. ఆ లోకం ఎంత దిగజారిందో చెప్పడానికి ఈ రెండు దృశ్యాలే చాలు. మాటలూ చాలా తక్కువ, హీరో నోట పదహారు పదిహేడు వాక్యాలకు మించవు. చమురు శుద్ధి చేసుకుంటూ బతికే చిన్న గుంపును ఆ చమురు కోసం హ్యూమంగస్ అనేవాడి ముఠా ముట్టడిస్తుంది. ఆఖరి ట్యాంకర్ ఛేజింగే సినిమాకు ఆయువుపట్టు. అంతా అయ్యాక, పెట్రోలు ఉందనుకున్న ఆ ట్యాంకర్ నుంచి కారేది ఇసుక!

న్యూ సౌత్ వేల్స్‌లోని బ్రోకెన్ హిల్ పరిసరాల్లో తీశారు. ఛాయాగ్రహణం డీన్ సెమ్లర్. దగ్గర్లోని సిల్వర్టన్‌లో ఈ సినిమాకో మ్యూజియమే ఉంది. 1985లో మూడో భాగం వచ్చింది.