అతుకుల బొంత పక్షి

"పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయంటారు గానీ, ఆ శిలాజం నకిలీదని ఎప్పుడో తేలిపోయింది కదండీ!"

పరిణామవాదం మాటొస్తే చాలు, ఎవరో ఒకరు ఈ బాణం వదులుతారు. ఫార్వర్డు మెయిళ్ళ కాలంలో మొదలైన ఈ మాట ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. నకిలీ శిలాజం ఉన్న మాట నిజమే. కాకపోతే ఇది సగం కథే. మిగతా సగం కూడా చెప్పుకుంటే ఆ బాణం ఎటు తిరుగుతుందో తెలుస్తుంది.

ముందు కాస్త నేపథ్యం. డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. రెండేళ్ళకే, 1861లో, జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయి గనుల్లో ఆర్కియోటెరిక్స్ బయటపడింది. ఒంటినిండా ఈకలున్నాయి. కానీ నోట్లో పళ్ళు, రెక్కలకి గోళ్ళు, బల్లికున్నట్టు పొడుగాటి ఎముకల తోక! పక్షులకీ డైనోసార్లకీ చుట్టరికం ఉందని 1860ల్లోనే థామస్ హక్స్‌లీ వాదించాడు. తర్వాత ఆ వాదన చాలాకాలం అటకెక్కింది. 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనికస్ అనే డైనోసార్‌ని వర్ణించాక మళ్ళీ కిందికి దిగింది. 1996లో చైనాలోని లియావోనింగ్ ప్రాంతంలో దొరికిన సైనోసారోటెరిక్స్‌తో గట్టి ఊపొచ్చింది. అది అచ్చంగా డైనోసారే, కానీ ఒంటిమీద నూగులాంటి ఈకలు.

ఇక చూడండి, లియావోనింగ్ రైతులకి శిలాజాలే పంటయిపోయాయి. వాటిని అమ్మడం చట్టవిరుద్ధం. అయినా కొనేవాళ్ళుంటే అమ్మేవాళ్ళకేం కొదవ? పైగా ముక్కలకంటే నిండుగా ఉన్న జంతువుకి ధరెక్కువ. 1997లో ఓ రైతుకి ఒక పక్షి శిలాజం దొరికింది, కానీ తోక లేదు. అక్కడికి దగ్గర్లోనే ఇంకో తోక దొరికింది. ఇంకేముంది, జిగురు పెట్టి అతికించేశాడు. ఆ రాయి చేతులు మారి, దొంగదారిన అమెరికా చేరి, 1999 ఫిబ్రవరిలో అరిజోనాలోని టుసాన్ రాళ్ళ సంతలో 80,000 డాలర్లకి అమ్ముడుపోయింది. కొన్నది యూటాలో చిన్న డైనోసార్ మ్యూజియం నడిపే స్టీఫెన్ జెర్కస్. పక్షి ఒళ్ళు, డైనోసార్ తోక! అందరూ వెతుకుతున్న 'మధ్య లంకె' చేతికందినట్టే అనుకున్నారు. ఆర్కియోరాప్టర్ అని పేరు పెట్టారు.

ఇక్కణ్ణుంచి కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలిసినదే. రిలీజ్ డేట్ ముందే ఖాయమైపోయింది, టెస్టింగ్‌లో బగ్గులు బయటపడుతున్నాయి.

1999 జూలైలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో టిమ్ రో ఆ రాయిని సీటీ స్కాన్ చేశాడు. అది పదుల ముక్కలుగా పగిలిన రాయి, కింది భాగానికీ పై భాగానికీ పొంతన లేదు. రెండు కాళ్ళూ మరీ విచిత్రం. శిలాజమున్న రాయిని చీలిస్తే పుస్తకం తెరిచినట్టు రెండు పలకలొస్తాయి, రెండిటి మీదా అదే జంతువు ముద్ర ఉంటుంది. ఇక్కడ ఒకే కాలు తాలూకు రెండు పలకల్ని కుడికాలు, ఎడమకాలు అని అతికించేశారు! ఈ అనుమానాలు తెలియాల్సిన వాళ్ళందరికీ చేరలేదు. 'నేచర్' పత్రిక హడావుడిగా సమీక్షించడం కుదరదంది. 'సైన్స్' పత్రిక సమీక్షకులు, ఇది దొంగతనంగా తెచ్చిన సరుకు, ధర కోసం మార్పులు చేశారు అని తిప్పికొట్టారు. అయినా నేషనల్ జియోగ్రాఫిక్ అక్టోబరులో ప్రెస్ మీట్ పెట్టి, నవంబరు సంచికలో అచ్చేసింది. కోడ్ రివ్యూలో రెండుసార్లు రిజెక్ట్ అయినదాన్ని తిన్నగా ప్రొడక్షన్‌లోకి తోసేసినట్టన్నమాట :-)

మరి మోసాన్ని పట్టుకున్నదెవరు? అసలు సంగతి ఇదే. పరిణామవాదాన్ని వ్యతిరేకించేవాళ్ళు కాదు. ఆ శిలాజాన్ని పరిశీలించిన బృందంలోనే ఉన్న చైనా శాస్త్రవేత్త షూ షింగ్. పక్షులు డైనోసార్ల సంతతేనని గట్టిగా నమ్మేవాడు. ఆయన బీజింగ్ తిరిగెళ్ళి లియావోనింగ్‌లో వాకబు చేస్తే, డిసెంబరులో ఓ చిన్న డైనోసార్ శిలాజం దొరికింది. దాని తోక ఆర్కియోరాప్టర్ తోకకి ఎదురు పలక. మరకలతో సహా సరిపోయింది. కానీ ఆ తోకకున్న ఒళ్ళు మాత్రం పక్షిది కాదు. వెంటనే అమెరికాకి మెయిలు కొట్టాడు. తను నమ్మే సిద్ధాంతానికి బలమిచ్చే సాక్ష్యం కదా, ఊరుకుంటే పోలా? ఊరుకోలేదు.

నేషనల్ జియోగ్రాఫిక్‌ని కూడా ఓ విషయంలో మెచ్చుకోవాలి. లూయిస్ సైమన్స్ అనే విలేఖరిని పెట్టి, తప్పెక్కడ జరిగిందో తవ్వించి, 2000 అక్టోబరు సంచికలో తనే అచ్చేసుకుంది. ఆ రాయి కూడా చైనాకి తిరిగెళ్ళింది.

ఇంకో తమాషా ఏమిటంటే, అతికించిన రెండు ముక్కలూ నిజమైనవే, రెండూ గొప్పవే. తోక మైక్రోరాప్టర్‌ది. 2000 డిసెంబరులో షూ షింగ్ బృందమే దానికి పేరు పెట్టింది. 2003లో దాని దగ్గరి చుట్టం ఒకటి దొరికింది. చేతులకీ కాళ్ళకీ కూడా పొడుగాటి ఈకలు, అంటే నాలుగు రెక్కల డైనోసార్! పై భాగం యానోర్నిస్ అనే నిజమైన ప్రాచీన పక్షిదని 2002లో తేలింది. రెండు నిజాల్ని కలిపి ఒక అబద్ధం చేశారు. విడివిడిగా ఉంచితే రెండూ చరిత్రే.

ఆ తర్వాత వచ్చినవి చూడండి. 2024లో బ్రెజిల్ నుంచి నవోర్నిస్: సుమారు 8 కోట్ల ఏళ్ళనాటి పక్షి, నలిగిపోకుండా మిగిలిన పుర్రెతో సహా. 2025లో చైనాలోని ఫుజియాన్ నుంచి బామినోర్నిస్: దాదాపు 15 కోట్ల ఏళ్ళ క్రితందే అయినా, ఇప్పటి పక్షుల్లా పొట్టి తోక! అంటే పక్షుల పుట్టుక మనం అనుకున్నదానికంటే ఇంకా వెనక్కి వెళ్తుందన్నమాట. అదే ఏడాది షికాగో మ్యూజియంలోని ఆర్కియోటెరిక్స్ వివరాలు వచ్చాయి. దాన్ని ముందు సీటీ స్కాన్ చేసి, ఎముకలెక్కడున్నాయో చూసుకుని ఆ తర్వాతే రాయి చెక్కారు. 1999లో పెడచెవిన పెట్టిన స్కానే ఇవాళ మొదటి మెట్టు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు కలిసి దాన్ని తిరిగి పెట్టమని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అనొచ్చు. కానీ పదితో బయాలజీకి దణ్ణం పెట్టి లెక్కల గ్రూపులో చేరే పిల్లల మాటేమిటి? మన ఆఫీసుల్లో సగానికి పైగా ఆ బాపతే కదా! ఆ పాఠం ఎగిరిపోతే వాళ్ళకి డార్విన్ గురించి తెలిసేది వాట్సాప్‌లోనే. అక్కడ సగం కథే ఉంటుంది.

ఒక బగ్ దొరికిందని సిస్టమ్ మొత్తం చెత్తబుట్టలో పడేస్తామా? ఆ బగ్‌ని పట్టుకున్నది సిస్టమ్ లోపలి వాళ్ళేనని తెలిస్తే దానిమీద నమ్మకం పెరగాలి గానీ తగ్గకూడదు. ఈసారి ఎవరైనా "ఆ శిలాజం నకిలీ అట కదా" అంటే "అవునండీ, పట్టుకున్నదెవరో తెలుసా?" అని అడిగి చూడండి.