భువనగిరి గుట్ట

కేసముద్రంలో రైలెక్కి హైదరాబాదు వెళ్తుంటే, దారిలో భువనగిరి ఏకశిల గుట్ట కనిపిస్తుంది. పిల్లలకి కోట చూపిస్తాం. నాకు మాత్రం ఆ ఊరివాడు నయీం గుర్తొస్తాడు.

అల్‌కపోన్ కథలు చదివి "అమ్మో, చికాగో!" అనుకునేవాళ్ళం. ఆ మహానుభావుడికి 1931లో పన్ను ఎగవేసినందుకు 11 ఏళ్ళ జైలు పడింది. మనవాడు నక్సలైటుగా మొదలై, 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ హత్యకేసులో నిందితుడై, ఆనక పాత సహచరులకే శత్రువై, భూముల సెటిల్‌మెంట్లలో దిగాడు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో పోయాడు. బోలెడు భూమి పత్రాలు దొరికాయి. ఏ తల్లి ఆడపిల్ల పెళ్ళికని దాచుకున్న జాగాలో!

నన్ను వదలనిది మాత్రం బెల్లి లలిత. నూలు మిల్లులో పనిచేస్తూ తెలంగాణ పాటలు పాడేది. 1999లో ఆమెను చంపి, ముక్కలు చేసి పారేశారు. నయీం ముఠా పనేనన్నారు. కోర్టు బోనులో అతను జవాబు చెప్పే రోజు రానేలేదు.