పద్దెనిమిది పళ్ళు

నాన్న సైకిల్ని నేనే పాడుచేశాను. బాగుచేస్తున్నాననుకుంటూ పాడుచేశాను.

మూడేళ్ళ క్రితం హైదరాబాదులో సన్నటి సైకిళ్ళ మీద నా కన్ను పడింది. వాటికి గేర్లుండవు, చైన్ కవరుండదు, మడ్‌గార్డులుండవు, ఆఖరికి స్టాండు కూడా ఉండదు. ముందొక పళ్ళచక్రం, వెనకొకటి, మధ్యలో గొలుసు, అంతే. సింగిల్ స్పీడ్ అంటారు. ధర చూస్తే నా నెల అద్దెకి దగ్గర్లో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, తెనాలి దగ్గర మా ఊళ్ళో వసారాలో గోడకి ఆనించి ఉన్న నాన్న అట్లాస్. అదీ సింగిల్ స్పీడే కదా! దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదంతే. సైకిలంటేనే అది కాబట్టి వేరే పేరు అక్కర్లేకపోయింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు దాన్ని తెనాలిలో నాన్నకి తెలిసిన షాపుకి తోసుకెళ్ళాను. "ఓవరాయిలింగా?" అన్నాడు షాపు బాబాయి. కాదు, కొన్ని తీసెయ్యాలన్నాను. చైన్ కవరు, మడ్‌గార్డులు, డైనమో, స్టాండు, క్యారియరు. "నయం అబ్బాయ్, చక్రాలుంచుతున్నావ్" అన్నాడు. పెడల్ కాడల్ని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్నులు ఇరవయ్యేళ్ళ తుప్పుతో బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి ఊడదీశాడు. కొత్త పిన్నుల్ని ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ, పెట్టి చూస్తూ, మళ్ళీ అరగదీస్తూ కూర్చున్నాడు. రెండు పెడళ్ళూ ఒకే గీతలో రావాలట. అర మిల్లీమీటరు తేడా వచ్చినా తొక్కేవాడికి తెలిసిపోతుంది.

పాత ఫ్రీవీలుకి పద్దెనిమిది పళ్ళున్నాయి. పదహారుది వెయ్యమన్నాను. ఆయన ఒకసారి నా వైపు చూసి, వేశాడు. రెండు పళ్ళు తగ్గాయి కాబట్టి గొలుసు వదులైంది. వెనక చక్రం ఇరుసుని ఫ్రేము చీలికలో పావంగుళం వెనక్కి లాగి బిగిస్తే సరిపోయింది. క్యారియరూ మిగతా సామానూ పాత ఇనుముకి పోయాయి.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, నాకు చరిత్ర మీద ఆసక్తి కలిగింది ఈ లెక్కతోనే. ముందు చక్రానికి 44 పళ్ళు, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. దాన్ని చక్రం వ్యాసం 28 అంగుళాలతో గుణిస్తే 68 చిల్లర వస్తుంది. ఇంగ్లీషు పద్ధతిలో ఇది 68 అంగుళాల గేరు. అంగుళాలెందుకు? గొలుసు సైకిలుకి ముందున్న ఎత్తు సైకిల్లో ముందు చక్రం మనిషంత ఉండేది, పెడళ్ళు నేరుగా దాని ఇరుసుకే ఉండేవి. చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం. అయితే కాళ్ళు అందాలి కాబట్టి కాలి పొడుగుని బట్టి చక్రం. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. రెండు చిన్న చక్రాలు, వెనక చక్రానికి గొలుసు. చిన్న చక్రం పెద్ద చక్రంలా పరిగెత్తింది. ఎంత పెద్ద చక్రంలా అని చెప్పడానికి పాత కొలతే మిగిలిపోయింది. అంటే నాన్న రోజూ అయిదడుగుల ఎనిమిదంగుళాల చక్రం తొక్కుకుంటూ బడికెళ్ళేవాడన్నమాట. నేను దాన్ని 77 అంగుళాలకి పెంచాను. ఆరడుగుల అయిదంగుళాలు.

హైదరాబాదు రోడ్ల మీద మొదటి వారం గొప్పగా ఉంది. సైకిల్ తేలికైంది, చప్పుడు లేదు, కాలికి పని చెప్పిన వెంటనే కదులుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం ప్రాణం పోయేది. నిలబడి, హ్యాండిల్ పట్టుకు లాగుతూ తొక్కాలి. దాన్ని కష్టం అనుకోలేదు, దీక్ష అనుకున్నాను.

ఆ దీక్షకి ఓ గురువున్నాడని తర్వాత తెలిసింది. టూర్ ద ఫ్రాన్స్ 1903లో మొదలైంది. దాన్ని నడిపిన పత్రికా సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్‌కి గేర్లంటే పడేది కాదు. కండ గెలవాలి గానీ యంత్రం కాదని ఆయన పట్టు. గొలుసుని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చే డిరైలర్‌ని అక్కడ 1937 దాకా రానివ్వలేదు. అప్పటిదాకా కొండ మొదట్లో దిగి, వెనక చక్రం విప్పి, రెండో వైపు పళ్ళు గొలుసుకొచ్చేలా తిప్పి బిగించుకుని ఎక్కేవారు. సెంట్ ఎతియెన్‌లో పాల్ ద వివీ అనే పెద్దమనిషి వెలోసియో పేరుతో తన పత్రికలో గేర్ల కోసం ఏళ్ళ తరబడి వాదించాడు. కొండ ఎక్కడానికి గేరు వాడితే మగతనం పోదని ఒప్పించడానికి ఫ్రాన్సులో అంత కాలం పట్టింది మరి.

మరమ్మతుల సంగతీ అంతే. 1913లో పిరనీస్ పర్వతాల్లో యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. దాన్ని భుజాన వేసుకుని పది కిలోమీటర్ల పైన నడిచి, సెంట్ మరీ ద కాంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తనే కాల్చి అతికించుకున్నాడు. ఇతరుల సాయం తీసుకోకూడదని నిబంధన. కొలిమితిత్తి ఊదిన కుర్రాడి సాయం తీసుకున్నాడని జరిమానాగా అతని సమయానికి నిమిషాలు కలిపారు! చదివినప్పుడు నవ్వాను గానీ, నేను ఫ్లైఓవర్ మీద మోకాళ్ళు విరగ్గొట్టుకున్నదీ ఆ ఒంటరి వీరుడి వేషంలోనే.

మన దగ్గర అదే ఒంటి గేరు ఇంకో దారిన వచ్చింది. మొదట రాలీ, హెర్క్యులెస్, బీయస్సే ఓడల్లో దిగాయి, డబ్బున్నవాళ్ళకి. స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడే తయారీ మొదలైంది. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ, ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ, సోనీపత్‌లో 1951లో అట్లాస్. 1956లో లూధియానాలో హీరో. దాన్ని పెట్టిన ముంజాల్ సోదరులు ఇప్పటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి వచ్చినవాళ్ళు. పేర్లు వేరైనా సైకిల్ ఒకటే. 28 అంగుళాల చక్రాలు, ఇనప కడ్డీల బ్రేకులు, ముందు 32 పుల్లలు, వెనక 40. ఎక్కువ పుల్లలు వెనక ఎందుకంటే బరువు అక్కడే కాబట్టి. ఒక కంపెనీ కాటర్ పిన్ను ఇంకో కంపెనీ సైకిల్‌కి పట్టేది. అందుకే ఊరికో మేస్త్రీ, ఒక రెంచీల డబ్బా, ఒక నీళ్ళ బేసిన్ ఉంటే వేపచెట్టు కింద షాపు వెలిసేది. గంటల లెక్కన అద్దె సైకిళ్ళూ అక్కడే. సీటు అందని పిల్లలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నదీ వాటి మీదే. ఫ్రాన్సువాళ్ళ ఒంటి గేరు ఎవరి సాయమూ వద్దంటుంది. మనది పది మంది చేతుల మీదుగా నడుస్తుంది.

ఆ ఫ్రేముకి అడ్డంగా ఉండే పై కడ్డీ సంగతి కూడా చెప్పాలి. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. దాని గురించి పి. సాయినాథ్ రాసినదాంట్లో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు దొరక్క మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు, పైగా కొందరు వాటినే మెచ్చారు, ఆ కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. మగవాడి కోసం గీసిన బొమ్మలో వాళ్ళకి కావలసిన సీటు కనపడింది.

మోకాలు నొప్పితో మళ్ళీ తెనాలి వెళ్ళాను. బాబాయి చూసి, "ఎక్కలేకపోతున్నావా?" అన్నాడు. ఔనన్నాను. "ఆ పద్దెనిమిది ఒక్క మనిషికి కాదబ్బాయ్. ముందు పిల్లాడు, వెనక ఆడమనిషి, హ్యాండిల్‌కి సంచి. ఎదురుగాలి. దానికి పెట్టింది." పదహారు తీసి పద్దెనిమిది వేశాడు. ఇరుసు మళ్ళీ పావంగుళం ముందుకొచ్చింది. పాత మచ్చ అక్కడే ఉంది, ఇరవయ్యేళ్ళు నట్టు కూర్చున్న చోట గుండ్రంగా.

ఇంటికొచ్చి గోడకి ఆనిస్తే అమ్మ బయటికొచ్చింది. సంక్రాంతికి నేను దాన్ని తెనాలి నుంచి అటే బస్సు మీద వేయించుకెళ్ళాను, తను చూడలేదు. కాసేపు నిలబడి చూసింది.

"క్యారియరేదిరా?"

"తీసేశానమ్మా. పాత ఇనుముకిచ్చాం."

"ఎంతొచ్చింది?"

చెప్పలేకపోయాను. మొత్తం సామాను కలిపి వచ్చిన డబ్బుతో ఆరోజు రెండు టీలు తాగాం, బాబాయీ నేనూ.

"టీచర్ పరీక్షకి దాని మీదే వెళ్ళాను" అంది. "తొమ్మిది కిలోమీటర్లు. దారంతా మీ నాన్న ప్రశ్నలడుగుతూనే ఉన్నాడు. వంతెన ఎక్కేటప్పుడు దిగుతానంటే వద్దన్నాడు, ఆ కాసేపట్లో ఇంకో రెండు ప్రశ్నలవుతాయని."

నాన్న అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. అప్పటికి నాన్న లేడు. ఆ వార్త నేను ఫోన్లో చూసి, ఫ్రెండ్స్‌కి పంపి, మర్చిపోయాను.

మర్నాడు కొత్త క్యారియరు కొనుక్కొచ్చి బిగించాను. స్ప్రింగు క్లిప్పుంది, నల్ల రంగు మెరుస్తోంది. అమ్మ వచ్చి దాన్ని అరచేత్తో నొక్కి చూసింది.

"రేకు పల్చగా ఉంది" అంది. "దీని మీద నేను కూచోను."