మెదడుపై తిరగబడే రక్షణ: ఒక మూర్ఛ చరిత్ర

ఫిట్స్ వచ్చిన మనిషి గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టడం సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌కే కాదు, తెలుగు పల్లెలన్నిటికీ తెలిసిన పనే. రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గితే పేరు ఇనుముకు దక్కుతుంది. అదే మనిషి కొన్ని వారాలుగా నిద్రపోక, ఇంట్లోవాళ్లనే అనుమానిస్తుంటే గాలి సోకిందని తాయెత్తు కడతారు. ఈ రెండూ ఒకే జబ్బు కావచ్చని వైద్యులకూ ఆలస్యంగానే తెలిసింది.

మూర్ఛను అపస్మారమన్న చరక సంహిత వాత పిత్త కఫాల్లో కారణం వెతికింది. 1857లో లండన్‌లో బ్రోమైడ్, 1912లో జర్మనీలో ఫినోబార్బిటాల్ వాడుకలోకొచ్చాయి. మెదడులో చెలరేగే విద్యుత్తును అణచడమే వాటి పని. ఎందుకు చెలరేగిందన్న ప్రశ్న అలాగే మిగిలింది.

1958లో మాంట్రియల్‌లో థియోడర్ రాస్ముసెన్ బృందం, ఫిట్స్ ఆగని ముగ్గురు పిల్లల మెదడు కణజాలంలో వాపు ఆనవాళ్లు చూసింది. అప్పట్లో అనుమానం వైరస్ మీద. పదేళ్లకు ఇంగ్లండ్‌లో కార్సెలిస్ అనే వైద్యుడు, జ్ఞాపకశక్తిని మింగే మెదడువాపుకూ శరీరంలో మరోచోటి క్యాన్సర్‌కూ సంబంధం చూపాడు. ఒక ముఖ్య దోషి 2007లో బయటపడింది. అండాశయంలో గడ్డ ఉన్న యువతులు కొందరు పిచ్చిచూపులు, భ్రమలు, ఫిట్స్‌తో ఆస్పత్రి పాలవుతుంటే, వారి రోగనిరోధక వ్యవస్థే తయారుచేసిన యాంటీబాడీలు మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకాలపై దాడి చేస్తున్నాయని జోసెప్ డాల్మావ్ బృందం నిరూపించింది. గడ్డ తీసి, స్టెరాయిడ్ల వంటి మందులతో ఆ దాడిని ఆపితే చాలామంది కోలుకున్నారు. మానసిక రోగులుగా ముద్రపడాల్సినవాళ్లు తిరిగి ఇంటికెళ్లారు!

ఇలాంటి యాంటీబాడీల దాడితోనే వచ్చే, 2011లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు వర్ణించిన ఫిట్స్ మరీ మోసకారివి. ఎక్కువగా యాభై దాటినవారిలో, ముఖం ఒక పక్క వంకరపోయి, అదే వైపు చెయ్యి జెర్క్ ఇస్తుంది. ఉండేది రెండు మూడు సెకన్లే, రోజుకు పదుల సార్లు. ఛాయ్ గ్లాసు చేజారితే వయసైపోయిందని సరిపెట్టుకుంటారు. మామూలు ఫిట్స్ మాత్రలకు ఇవి పెద్దగా లొంగవు, స్టెరాయిడ్లకు లొంగుతాయి. వదిలేస్తే జ్ఞాపకశక్తి పోవచ్చు.

2017లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం రోగనిరోధక కారణాన్ని విడి వర్గంగా చేర్చింది.

బీదర్‌కో హైదరాబాద్‌కో పరుగెత్తాల్సిన నారాయణఖేడ్ రోగికి ఈ తరహా మెదడువాపుపై వచ్చిన 2016 నాటి మార్గదర్శకాలే ముఖ్యం. ఎమ్మారై మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనలేం. లక్షణాలు సరిపోలి, ఇతర కారణాలు కావని తేలితే, యాంటీబాడీ రిపోర్టు రాకముందే చికిత్స మొదలుపెట్టొచ్చు.