సర్వసమాన త్రిభుజములు – ఒక పాత సందేహము

1972వ సంవత్సరమున మదరాసులో నేను తొమ్మిదవ తరగతి తెలుగు మాధ్యమమున చదువుచుంటిని. ఒకనాడు లెక్కల అయ్యవారు నల్లబల్లపై రెండు త్రిభుజములు గీచి, మొదటి త్రిభుజమును ఎత్తి రెండవ దానిపై ఉంచినట్లు భావింపుడని ఉపపత్తి మొదలిడిరి. ‘కాగితమైనచో ఎత్తవచ్చును గాని, గీచిన గీతను ఎత్తుట ఎట్లండీ?’ అని నేనడిగితిని. తరగతి యంతయు నవ్వినది. ఆ గంట ముగియువరకు బెంచీపై నిలుచుంటిని. ఉద్యోగ విరమణానంతరము తీరికగా చదువుకొనగా, అదే ప్రశ్నను 1557లోనే పెలెటియే అను ఫ్రెంచి పండితుడు అచ్చులో అడిగియుండెనని తెలిసినది. ఆయన నెవరును బెంచీ యెక్కింపలేదు కాబోలు!

ఈ ఉపపత్తికి మూలపురుషుడు యూక్లిడు. క్రీ.పూ. 300 ప్రాంతమున ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో రచించిన ‘ఎలిమెంట్స్’ ప్రథమ భాగమున ఇది నాలుగవ సిద్ధాంతము. రెండు భుజములును, వాని నడిమి కోణమును సమానమైనచో త్రిభుజములు సర్వసమానములు. ఎనిమిదవది మూడు భుజములను గూర్చినది. ఇరువది యారవది రెండు కోణములు, ఒక భుజమును గూర్చినది. మొదటి రెంటికే ఆయన ఒకదానిపై నొకటి పేర్చు పద్ధతిని వాడెను. ఇరువది యారవ దానిని, భుజములు అసమానములనుకొన్నచో విరోధము వచ్చునని చూపి, నాలుగవ దాని బలముతోనే సాధించెను.

విచిత్రమేమనగా, అదే గ్రంథమున రెండవ సిద్ధాంతమునందు ఒక రేఖకు సమానమైన రేఖను మరియొక బిందువు వద్ద గీచుటకు యూక్లిడు ఒక సమబాహు త్రిభుజమును, రెండు మూడు వృత్తములను నిర్మించును. రేఖను ఎత్తి పెట్టుటకు అనుమతి యున్నచో ఇంత శ్రమ యెందులకు? పెలెటియే ఆక్షేపణ యిదియే. యూక్లిడునకును ఈ పద్ధతి యిష్టము లేదనియే నా తలంపు. వేరు దారి దొరకనపుడే దానిని పట్టెను. మూడు భుజముల సిద్ధాంతమునకు బైజాంటియము వాసి ఫిలో మరియొక త్రోవ చూపెను. భూములను కలిపి, శీర్షములను చెరియొక వైపున నుంచి, ఆ శీర్షములను రేఖతో కలిపినచో రెండు సమద్విబాహు త్రిభుజము లేర్పడును. వాని భూకోణముల సమానత్వముచే శీర్షకోణములు సమానములగును. మన పాఠ్యపుస్తకములలో మనము వల్లించినది ఇదియే. ఇందును ఒక త్రిభుజమును తెచ్చి రెండవదానికి అతికింపవలసినదే కదా!

1899లో జర్మనీ దేశపు హిల్బర్టు ఈ చిక్కును విడదీసెను. రెండు భుజములు, నడిమి కోణము సమానమైనచో తక్కిన కోణములును సమానములని స్వీకృతముగా గైకొని, మూడవ భుజపు సమానత్వమును దాని నుండి సాధించెను. అనగా ఎత్తుట లేదు, పేర్చుట లేదు. సాధింపరానిదానిని సాధించితినని చెప్పక, ఒప్పుకొని మొదలిడుట! ఆనాడు అయ్యవారు ఈ మాట యొకటి చెప్పినచో నాకు చాలియుండెడిది. ఆయనకును ఎవరు చెప్పిరి?

ఇది పుస్తకపు తర్కము మాత్రమే యనుకొనరాదు. రెండు కోణములు, ఒక భుజము అను సిద్ధాంతము యూక్లిడుకంటె పాతది. సముద్రముపైనున్న ఓడ దూరమును థేలీసు చెప్పగలిగెననియు, అందులకు ఈ సిద్ధాంతము తెలిసియుండవలెననియు యూడిమసు వ్రాసినట్లు ప్రోక్లసు చెప్పుచున్నాడు. ఒడ్డున ఒక రేఖను కొలిచి, దాని రెండు కొనలనుండి ఓడ కనబడు కోణములను గుర్తించి, అవే కోణములతో నేలవైపున త్రిభుజమును గీచినచో, నీటిపై పోకయే దూరమును కొలువవచ్చును.

ఈ యుక్తియే మన యింటి వాకిటికి వచ్చినది. 1802 ఏప్రిలులో లాంబ్టను దొర మదరాసు చెంత పరంగిమల యొద్ద నూరడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ల భూరేఖను కొలువ మొదలిడెను. రేఖ యొకటి నిశ్చయమైన పిదప ప్రతి త్రిభుజమునకు కోణములు చాలును. గణించిన భుజమే తరువాతి త్రిభుజమునకు భూమి యగును. 1804లో బెంగుళూరు వద్ద మరియొక రేఖను కొలిచి లెక్కను సరిచూచిరి. 1808లో తంజావూరు పెద్దగుడి శిఖరమునకు ఎక్కించుచుండగా అరటన్ను బరువుగల కోణమాన యంత్రము త్రాడు తెగి గోడకు తగిలి చెడినది. లాంబ్టను దానిని తానే వారములకొలది శ్రమించి బాగుచేసెను. 1823లో మహారాష్ట్రమందలి హింగన్ ఘాటులో ఆయన మరణించెను. సమాధి అచ్చటనే కలదు.

నా గుమాస్తా ఉద్యోగమునను ఈ సిద్ధాంతము ఒకసారి ఎదురైనది. ఒక తాలూకా కచేరీలో అన్నదమ్ములిద్దరి పొలముగట్టు తగవు వచ్చినది. పటము ప్రతిలో నాలుగు భుజముల కొలతలు కలవు. కర్ణపు కొలత వ్రాసినచోట చెదలు తినిపోయినది. నాలుగు కొలతలును పెద్దవాని వాదమునకు సరిపోయినవి, చిన్నవాని వాదమునకును సరిపోయినవి. చతుర్భుజము భుజములు మారకయే ప్రక్కకు వాలగలదు. కర్ణమొకటి నిలిచినచో రెండు త్రిభుజములగును, ఇక కదలలేవు. సర్వేయరు ఇది చెప్పక ముందే నాకు పాత తరగతి గది తలపునకు వచ్చినది. పై కచేరీ నుండి పాత ప్రతిని తెప్పించుటకు నాలుగు నెలలు పట్టినది. దానిలో కర్ణపు కొలత చెక్కుచెదరక యున్నది. చిన్నవాని గట్టే నిలిచినది.