రైలుబండి వెంట వచ్చిన ట్రాక్టరు



ఇంగ్లండులోను, అమెరికాలోను బొమ్మ రైళ్ల ప్రదర్శనలు జరుగుతుంటాయి. పెద్ద హాలులో పట్టాలు పరచి చిన్న ఇంజన్లు నడుపుతారు. పక్కనే బల్లలు వేసి పాత బొమ్మలు అమ్ముతారు. ఆ బల్లల మీద ఓపికగా వెదికితే, పెట్టెల మధ్య అరచేతిలో ఇమిడే లోహపు ట్రాక్టరో, ఎరువు చల్లే బండో దొరుకుతుంది. రైళ్ల సంతలో సేద్యపు బొమ్మకేం పని అని అడుగుతారేమో! పని ఉంది. పోతపోసిన ట్రాక్టరు బొమ్మ కథ రైలు పక్కనే నడిచింది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఇంగ్లండు ప్రజలకు యుద్ధమంటే విసుగు పుట్టింది. అంతవరకు సీసపు సిపాయిలను పోసిన లండనులోని బ్రిటన్స్ కంపెనీవారు 1920 దశకం తొలినాళ్లలో ఆవులు, గొర్రెలు, పాలికాపులు, గుర్రాలు లాగే నాగళ్లు పోయసాగారు. సిపాయి పక్కకు రైతు వచ్చాడన్నమాట!

అదే కాలంలో లివర్‌పూల్ నగరంలో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1920లో బొమ్మ రైళ్లు మొదలుపెట్టింది. పట్టాలు వచ్చాయి, స్టేషను వచ్చింది. కాని చుట్టూ ఊరు లేని స్టేషనుకు అందమేముంది? కనుక 1931 నుంచి స్టేషను సిబ్బందిని, పశువులను పోసి అమ్మారు. 1933 చివర ఆరు బండ్ల జట్టు ఒకటి తెచ్చారు. ఆ ఆరింటిలో ఒకటి ట్రాక్టరు. 1934లో ఈ బొమ్మలకు డింకీ అనే పేరు స్థిరపడింది. రైలుకు తోడుగా వచ్చిన సరుకు కాస్తా రైలును మించి పేరు తెచ్చుకుంది.

రెండవ ప్రపంచయుద్ధం తర్వాత 1948లో డింకీవారు మాసీ-హారిస్ ట్రాక్టరును, బ్రిటన్స్‌వారు ఫోర్డ్‌సన్ మేజర్‌ను విడుదల చేశారు. అక్కడి పొలాల్లో గుర్రం తప్పుకొని ట్రాక్టరు నిలదొక్కుకుంటున్న రోజులవి. ఆ బొమ్మలను సంవత్సరాల వరుసలో బల్ల మీద పేర్చి చూడండి. సేద్యం ఎలా మారిందో చదువురాని వాడికి కూడా తెలిసిపోతుంది.

అమెరికాలో సంగతి వేరు. 1945లో అయోవా రాష్ట్రంలోని డ్యూబ్యూక్‌లో పోతపనివాడు ఫ్రెడ్ ఎర్టల్ తన ఇంటి కొలిమిలోనే పాత అల్యూమినియం కరిగించి, ఇసుక మూసల్లో ట్రాక్టర్లు పోశాడు. ఆ పని పెరిగి 1959లో డయర్స్‌విల్ అనే చిన్న ఊరికి మారింది. 1986లో అక్కడే వ్యవసాయ బొమ్మల మ్యూజియం వెలిసింది.

ఇక కొలత సంగతి వినండి. అసలు ట్రాక్టరు పొడవు పది అడుగులనుకోండి. దానిని పదహారో వంతుకు తగ్గిస్తే బొమ్మ ఏడున్నర అంగుళాలు ఉంటుంది. అరవై నాలుగో వంతుకు తగ్గిస్తే రెండంగుళాలకు కొంచెం తక్కువ. ఈ అరవై నాలుగో వంతు కొలతలో నడిచే బొమ్మ రైళ్లూ ఉన్నాయి. అందుకే రైళ్లవారు తమ పట్టాల పక్క పొలంలో నిలపడానికి ఈ ట్రాక్టర్లు కొంటారు, కొన్నాళ్లకు మళ్లీ అమ్ముతారు. ప్రదర్శన బల్లల మీదికి అవి అలా చేరుతుంటాయి.

కొనేముందు జాగ్రత్త అవసరం. విత్తనాలను ఎలా పరీక్షిస్తామో బొమ్మను అలా పరీక్షించాలి. తుత్తునాగం పోతలో సీసం కొంచెం కలిసినా, ఏళ్లు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, పగిలి, చివరకు పొడి అవుతుంది. దానికి మందు లేదు. అంచులను, ఇరుసుల చోటును వెలుతురులో చూడండి. సన్నని బీటలు కనిపిస్తే వదిలేయండి. అసలు సీసపు బొమ్మలను, పాత రంగులున్న వాటిని పసిపిల్లల చేతికి ఇవ్వకూడదు. సీసం విషం. తాకిన చేతులు కడుక్కోవాలి.

ఆ దేశాలలో గుర్రపు నాగళ్లు చాలా వరకు తుక్కు కింద పోయాయి. వాటి రూపాన్ని పిల్లల బొమ్మ దాచింది. మరి మన గొర్రు, గుంటక, దంతె మాటేమిటి? వాటికి బొమ్మలు పోసే కంపెనీ లేదు. మీ కొట్టంలో పాత గొర్రు ఉంటే, తుక్కువాడి బండి ఎక్కించే ముందు పొడవు, వెడల్పు కొలిచి రాసిపెట్టండి. జడ్డిగం ఎలా కట్టేవారో పెద్దవాళ్లనడిగి తెలుసుకోండి. విస్తరణ కార్యకర్తలు బడిపిల్లల చేత దాని బొమ్మ గీయించవచ్చు. ఊళ్లో వడ్రంగి ఉంటే చిన్న కొలతలో చెక్కించనూ వచ్చు. కొలతలు మిగిలితే వస్తువును మళ్లీ చేసుకోగలం. అవీ పోతే ఇక అడగడానికి ఎవరూ మిగలరు.